హక్కు తేలకముందే పారిన నీళ్లు

అమెరికాలో జలవిద్యుత్ పథకాలకు అనుమతులిచ్చే సంస్థ ఫెడరల్ ఎనర్జీ రెగ్యులేటరీ కమిషన్. 2024 ఫిబ్రవరి 15న ఆ కమిషన్ ఒక కొత్త విధానం ప్రకటించింది. ఆదివాసీ తెగ భూమిలో జలవిద్యుత్ పథకం కడతామని ఎవరైనా ముందుకొచ్చినప్పుడు ఆ తెగ వద్దంటే, ఇకమీదట ప్రాథమిక అనుమతి కూడా ఇవ్వబోమంది. అదే రోజు అరిజోనా ఈశాన్య భాగాన, నవాహో తెగ భూభాగంలో ఉన్న బ్లాక్ మేసా పీఠభూమి మీద నీళ్లను పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే మూడు పంప్డ్ స్టోరేజీ పథకాల కోసం ఒక ప్రైవేటు కంపెనీ పెట్టుకున్న దరఖాస్తులను తోసిపుచ్చింది. బొగ్గు కాలం పోయి సౌరవిద్యుత్తు కాలం వస్తున్న వేళ, పొగ రాని, బూడిద మిగల్చని పథకాన్ని ఆదివాసులే కాదనడం చాలామందికి వింతగా తోచింది. కొత్తదంటే భయమనో, అభివృద్ధి గిట్టదనో ఒక్క మాటలో తేల్చేయడం సులువే. కానీ ఆ పీఠభూమి చరిత్రను నీళ్ల వైపు నుంచి చదువుకుంటూ వస్తే ఆ తిరస్కారం వెనుక పాత లెక్క ఒకటి కనిపిస్తుంది. నీళ్లలో తమ వాటా ఎంతో తేలకముందే ఆ నీళ్లు ఇతరుల అవసరాలకు మళ్లితే, ఆ మళ్లింపే కాలక్రమంలో హక్కుగా పాతుకుపోతుందని అక్కడివాళ్లు ఒకటికి నాలుగుసార్లు అనుభవించారు. వాళ్ల వ్యతిరేకత ఆ అనుభవం నుంచి పుట్టింది, అది న్యాయమైనది కూడా అన్నదే ఈ వ్యాసం వాదన.

ముందు ఆ చోటు సంగతి. బ్లాక్ మేసా ఎత్తయిన పొడి నేల. ఏడాదికి పది అంగుళాలు అటూఇటూగా వాన పడుతుంది, అదీ అన్నిచోట్లా ఒక్కలా పడదు. పీఠభూమి చుట్టూ దీనే ప్రజలు ఉంటారు, నవాహోలు తమను తాము పిలుచుకునే పేరది. దక్షిణపు అంచున వేళ్లలా చాచుకున్న మెట్టల మీద హోపీల ఊళ్లున్నాయి. వాటిలో ఒరైబీలో దాదాపు తొమ్మిది వందల ఏళ్లుగా జనం ఎడతెగకుండా కాపురముంటున్నారు. హోపీలు కాలువలు లేకుండానే, నేలలోని తేమను నమ్ముకుని లోతుగా విత్తనం దించి మొక్కజొన్న పండిస్తారు. నవాహోలకు గొర్రెలే ఆస్తి. ఈ రెండు బతుకులకూ ఆధారం కొండచరియల్లోంచి ఊరే ఊటలు, వాటితో తడిసే వాగులు. ఊటలకు నీళ్లందించేది ఇసుకరాతి పొరల్లో దాగిన భూగర్భ జలాశయం. ఎన్-అక్విఫర్ అని దాని పేరు. అందులో చాలా నీరు వేల ఏళ్ల కిందటి వానలు ఇంకినది. కింది నుంచి తోడినంత వేగంగా పై నుంచి చేరదు. ఏటేటా నిండే చెరువుకూ, ఒకసారి తోడితే తరాల తరబడి నిండని ఈ పొరకూ ఒకే నియమం పెట్టకూడదు. ఆ తేడాను పట్టించుకోకపోవడం వల్లే తర్వాతి కథంతా నడిచింది.

నవాహోలకు అమెరికా ప్రభుత్వంతో ఉన్న సంబంధం 1868 ఒప్పందంతో ఒక రూపానికి వచ్చింది. అంతకు నాలుగేళ్ల ముందు సైన్యం వాళ్లను ఇళ్ల నుంచి వెళ్లగొట్టి, వందల మైళ్లు నడిపించి, న్యూమెక్సికోలోని బోస్క్ రెడోండో శిబిరంలో ఉంచింది. 8 వేలకు పైగా మనుషులు అక్కడ చెర అనుభవించారు. పేకోస్ నది ఉప్పునీళ్లు తాగి రోగాలపాలయ్యారు. 1868లో సంతకాలు చేసి సొంత నేలకు తిరిగొచ్చారు. ఆ ఒప్పందంలో భూమి ఉంది, వ్యవసాయం ఉంది, విత్తనాలున్నాయి. నీళ్లు ఎన్ని అన్నది మాత్రం లేదు. నలభై ఏళ్ల తర్వాత, 1908లో, మోంటానాలోని వేరే తెగలకు సంబంధించిన వింటర్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఒక సూత్రం చెప్పింది: తెగకు భూమి కేటాయించినప్పుడే ఆ భూమి మీద బతకడానికి కావలసిన నీళ్లూ కేటాయించినట్టు, ఇంకా వాడుకోలేదన్న కారణంతో ఆ హక్కు పోదు. కాగితం మీద ఇది బలమైన హక్కే. అయితే పశ్చిమ రాష్ట్రాల్లో నడిచే నీటి చట్టం వేరు. ఎవరు ముందు వాడుకున్నారో వాళ్లకే ముందు హక్కు అన్నది దాని మూలసూత్రం. కాలువ తవ్వడానికి డబ్బున్న నగరం ముందు వాడుకుంటుంది. డబ్బు లేని తెగ చేతిలో తీర్పు మిగులుతుంది, నీళ్లు దిగువకు పోతాయి.

1922లో కొలరాడో నది ఒప్పందం ఈ దూరాన్ని ఇంకా పెంచింది. శాంటా ఫేలో ఏడు రాష్ట్రాల ప్రతినిధులు కూర్చుని నదిని ఎగువకు, దిగువకు చెరి 75 లక్షల ఎకరా-అడుగుల చొప్పున పంచుకున్నారు. మన లెక్కలో చెరి 326 టీఎంసీలకు పైమాటే. నది పొడవునా ఉన్న ముప్ఫై తెగల్లో ఒక్కదానికీ అక్కడ కుర్చీ వేయలేదు. తెగల పట్ల అమెరికా ప్రభుత్వానికి ఉన్న బాధ్యతలను ఈ ఒప్పందం మార్చదని ఒకే ఒక్క వాక్యం రాసి పక్కన పెట్టేశారు. వాటా ఇవ్వలేదు, వాటా లేదనీ అనలేదు. ఆ మౌనం వల్ల ఎవరికి లాభమో తర్వాతి దశాబ్దాలు చూపించాయి. లాస్ ఏంజిలిస్, ఫీనిక్స్, లాస్ వేగస్ ఆ నదిని నమ్ముకుని పెరిగాయి. పెరిగాక, వాటి వాడకం తగ్గించమనడం ఏ నాయకుడి తరమూ కాలేదు.

నది మీద కట్టిన తొలి పెద్ద జలవిద్యుత్ ఆనకట్ట నవాహోల నుంచి నీళ్లకన్నా ముందు గొర్రెలను తీసుకుంది. 1930ల్లో, ఇప్పుడు హూవర్ డ్యామ్ అని పిలుస్తున్న బౌల్డర్ డ్యామ్ కడుతున్నప్పుడు, జలాశయం ఒండ్రుతో పూడిపోతుందేమోనని ఇంజనీర్లు దిగులుపడ్డారు. ఒండ్రంతా నవాహో నేల నుంచే వస్తోందని, కారణం మితిమీరిన మేపేనని అధికారులు తేల్చారు. మంద తగ్గించాలన్న ప్రభుత్వ కార్యక్రమం కింద లక్షల గొర్రెలు, మేకలు, గుర్రాలు పోయాయి. కొన్నిచోట్ల వాటిని అక్కడికక్కడే కాల్చి వదిలేశారు. మేత ఎక్కువైన మాట పూర్తిగా అబద్ధం కాదు, నేల కోతకు గురవుతున్న మాటా నిజమే. కానీ ఆ ప్రాంతపు వాగులు వాతావరణ మార్పులను బట్టి తమంతట తాము కోసుకుపోవడం, మళ్లీ పూడటం కూడా ఉందని తర్వాతి భూవిజ్ఞాన పరిశోధనలు చూపాయి. ఇక్కడ గమనించాల్సింది శాస్త్రీయ వివాదాన్ని కాదు, ఎవరి అవసరం కొలమానమైందన్నదాన్ని. ఎక్కడో దిగువనున్న జలాశయం ఆయుష్షు కోసం ఇక్కడి కుటుంబాలు ఆస్తిని వదులుకున్నాయి. ఆ డ్యామ్ కరెంటులో ఎక్కువ భాగం దక్షిణ కాలిఫోర్నియాకు పోయింది.

రెండో ఘట్టం 1950, 60 దశకాలది. 1956 చట్టం కింద అదే నది మీద ఎగువన కట్టిన గ్లెన్ కాన్యన్ డ్యామ్ తలుపులు 1963లో మూశారు. దాని వెనుక నిండిన పావెల్ జలాశయం నవాహోలకు పవిత్రమైన రెయిన్‌బో బ్రిడ్జ్ అనే సహజ రాతి వంతెన కిందికి పాకింది. దాని మీద నవాహో పెద్దలు వేసిన దావాను 1980లో అప్పీలు కోర్టు కొట్టేసింది. ఈలోగా అరిజోనాకు మరో కోరిక పుట్టింది. కొలరాడో నీళ్లను ఎడారి దాటించి ఫీనిక్స్, టూసాన్ నగరాలకు తీసుకుపోవాలి. సెంట్రల్ అరిజోనా ప్రాజెక్ట్ అనే ఆ కాలువ పొడవు 336 మైళ్లు, నీళ్లను ఎత్తిపోయాల్సిన ఎత్తు మొత్తం మీద దాదాపు 2,900 అడుగులు. ఆ పంపులకు కరెంటు కోసం గ్రాండ్ కాన్యన్‌కు రెండు వైపులా మార్బుల్ కాన్యన్, బ్రిడ్జ్ కాన్యన్ అనే రెండు ఆనకట్టలు కట్టాలనుకున్నారు. దేశమంతా పర్యావరణవాదులు గగ్గోలు పెట్టారు. 1968 చట్టంలో ఆనకట్టలు తప్పించి, వాటి బదులు బొగ్గు కరెంటుకు దారి తీశారు. గ్రాండ్ కాన్యన్‌ను కాపాడుకున్న విజయంగా అమెరికా దాన్ని గుర్తుంచుకుంది. ఆ విజయానికి చెల్లించిన మూల్యం బ్లాక్ మేసాది.

ఆ బొగ్గు కేంద్రమే నవాహో జనరేటింగ్ స్టేషన్. 2,250 మెగావాట్లు, 1970ల మధ్యలో నవాహో నేల మీద, పావెల్ జలాశయం పక్కనే లేచింది. దానికి బొగ్గు బ్లాక్ మేసా మీది కాయెంటా గని నుంచి రైల్లో వచ్చేది. చల్లార్చడానికి నీళ్లు జలాశయం నుంచే. ఈ నీళ్ల కోసం 1968 డిసెంబరులో నవాహో మండలి చేత ఒక తీర్మానం చేయించారు. ఎగువ నదిలో అరిజోనాకు రావలసిన 50 వేల ఎకరా-అడుగుల్లో 34,100 ఈ విద్యుత్ కేంద్రానికి ఇచ్చేస్తున్నట్టు, అది నడిచినంత కాలం ఆ 50 వేలకు మించి అడగబోమన్నట్టు దాని సారాంశం. ఇచ్చేసిన నీళ్లు దాదాపు ఒకటిన్నర టీఎంసీ. ఎన్ని నీళ్ల మీద హక్కుందో ఎవరూ లెక్కగట్టి చెప్పకముందే ఆ హక్కులో భాగాన్ని వదులుకున్నారన్నమాట. విద్యుత్ కేంద్రం కరెంటులో నాలుగో వంతు దాకా ఫెడరల్ ప్రభుత్వ వాటాగా ప్రధానంగా ఆ కాలువ పంపులకే పోయింది. కేంద్రం తీగలు తలల మీదుగా పోతుంటే కింద వేల నవాహో ఇళ్లలో దీపం లేదు. ఎడారి నగరాలకు నీళ్లు ఎక్కించిన కరెంటు పుట్టిన నేలలో, మంచినీటి కోసం జనం ట్రక్కుల్లో ట్యాంకులు పెట్టుకుని మైళ్ల దూరం పోయారు.

దానికన్నా లోతైన గాయం ఇంకొకటుంది. పీబాడీ కంపెనీ 1960ల మధ్యలో నవాహో, హోపీ మండళ్లతో లీజులు రాసుకుని పీఠభూమి మీద మరో గని తెరిచింది. ఆ బొగ్గు 273 మైళ్ల దూరాన నెవాడాలోని మొహావీ విద్యుత్ కేంద్రానికి చేరాలి. రైలు వేసే బదులు బొగ్గును పొడి చేసి, దాదాపు సమపాళ్లలో నీళ్లు కలిపి, గొట్టంలో పంపారు. నీళ్లు ఎన్-అక్విఫర్ నుంచి వచ్చాయి. ఏడాదికి సుమారు 4 వేల ఎకరా-అడుగులు, అంటే దాదాపు 490 కోట్ల లీటర్లు. అమెరికాలోని అతి పొడి ప్రాంతాల్లో ఒకచోట, తాగడానికి పనికొచ్చే పురాతన జలాన్ని బొగ్గు మోయడానికి మూడున్నర దశాబ్దాలు వాడారు. మొత్తం కూడితే ఆరు టీఎంసీలు. కృష్ణా, గోదావరి లెక్కలు వినే చెవులకు ఇది చిన్న అంకె. ఏటా నిండని పొరకు అది చిన్నది కాదు. ఆ లీజు రాసుకున్న తీరు కూడా చరిత్రకెక్కింది. హోపీల తరఫున మాట్లాడాల్సిన న్యాయవాది జాన్ బోయ్‌డెన్ అదే కాలంలో పీబాడీకి కూడా పనిచేశారని న్యాయశాస్త్ర ఆచార్యుడు చార్లెస్ విల్కిన్సన్ పాత కాగితాలు తవ్వి రుజువు చేశారు. మండళ్లే సంతకం పెట్టాయి కదా అనేవాళ్లు ఈ సంగతి మరవకూడదు. సలహా ఇచ్చేవాడు రెండు వైపులా ఉన్నప్పుడు సంతకాన్ని సమ్మతి అనలేం.

వ్యతిరేకత ఎలా పెరిగిందో చూస్తే దాని స్వభావం తెలుస్తుంది. హోపీ మాజీ ఛైర్మన్ వెర్నన్ మసయెస్వా 1999లో బ్లాక్ మేసా ట్రస్ట్ పెట్టారు. నవాహో వైపు నుంచి తో నిజోనీ ఆనీ, బ్లాక్ మేసా వాటర్ కోలిషన్ లాంటి సంఘాలు పుట్టాయి. వాళ్ల ప్రధాన డిమాండు గని మూయమని కాదు, ఎన్-అక్విఫర్ నీళ్లు తోడటం ఆపమని. ఊటలు సన్నగిల్లాయని ఊరివాళ్లు చెప్పారు. గని నీటి వాడకం వల్ల చెప్పుకోదగ్గ నష్టం లేదని కంపెనీ నమూనాలు చెప్పాయి. అమెరికా భూవిజ్ఞాన సర్వే 1970ల ఆరంభం నుంచి అక్కడి బావులను కొలుస్తూ వచ్చింది. కొన్నింటిలో నీటి మట్టం వంద అడుగులకు మించి దిగింది. ఎంత భాగం గనిది, ఎంత భాగం ఊళ్ల బోర్లది, ఎంత కరువుది అన్న వాదన ఇప్పటికీ ఉంది. 2003లో నవాహో మండలి, 2005 చివరికల్లా ఆ జలాన్ని గని పనికి వాడటం ఆపాలని తీర్మానించింది. 2005 ఆఖరు రోజున మొహావీ కేంద్రం మూతపడింది, గొట్టం ఆగింది. దానికి గాలి కాలుష్యంపై కుదిరిన కోర్టు ఒడంబడిక కూడా కారణమే. 2019 నవంబరులో నవాహో జనరేటింగ్ స్టేషన్ కూడా ఆగిపోయింది. గనీ మూతపడింది.

ఆ తర్వాత మూడేళ్లు తిరగకుండానే పంప్డ్ స్టోరేజీ ప్రతిపాదన వచ్చింది. సూత్రం సరళమైనది. కింద ఒక జలాశయం, పైన ఒకటి. ఎండ బాగా ఉండి సౌరవిద్యుత్తు మిగిలినప్పుడు నీళ్లను పైకి తోడతారు. సాయంత్రం గిరాకీ పెరిగినప్పుడు కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. వాడిన కరెంటులో నాలుగింట మూడొంతులు, కొంచెం అటూఇటూగా, తిరిగి వస్తుంది. ఇలాంటి పథకానికి నిటారు గట్టు కావాలి, బ్లాక్ మేసాకు అది ఉంది. నీళ్లు కావాలి, అవి లేవు. నీళ్ల కోసం కొలరాడో, సాన్ హువాన్ నదుల పేర్లూ, భూగర్భ జలం పేరూ వినిపించాయి. ఇదే కాలంలో పడమరన లిటిల్ కొలరాడో లోయ పక్కనున్న బిగ్ కాన్యన్‌లో మరో కంపెనీ తెచ్చిన పథకమైతే నింపడానికే 44 వేల ఎకరా-అడుగుల భూగర్భ జలం తోడతానంది. రెండు టీఎంసీలకు కాస్త తక్కువ. ఆవిరైపోయేదాన్ని భర్తీ చేయడానికి ఏటా వేల ఎకరా-అడుగులు అదనం. హోపీలు తమ పుట్టుక చోటుగా భావించే స్థలమూ, ఎండాకాలంలో లిటిల్ కొలరాడో దిగువను బతికించే ఊటా ఆ దరిదాపుల్లోనే ఉన్నాయి. నవాహో నేషన్ ప్రభుత్వం, మన గ్రామసభల్లాంటి చాప్టర్లు వద్దన్నాయి. కమిషన్ 2024 ఫిబ్రవరిలో బ్లాక్ మేసా దరఖాస్తులను, ఏప్రిల్‌లో బిగ్ కాన్యన్ దరఖాస్తును తిరస్కరించింది.

ఇక అభ్యంతరాలు. మొదటిది సాంకేతికమైనది. పంప్డ్ స్టోరేజీలో నీళ్లు ఖర్చు కావు, అవే నీళ్లు పైకీ కిందికీ తిరుగుతాయి, మరి నీటి భయం ఎందుకని అడుగుతారు. బాగా వాన పడే చోట, నదిని ఆనుకుని కట్టే చోట ఈ మాటకు బలం ఉంది. ఎడారిలో అదే మాట సగం నిజం. తొలిసారి నింపే నీళ్లు ఎక్కడినుంచో రావాలి. అవి ఆ తర్వాత జలాశయంలోనే ఉండాలి కాబట్టి మరో పనికి దొరకవు. ఎండకు ఆవిరయ్యేది ఏటా కలుపుతూనే ఉండాలి. పథకం ఆయుష్షు యాభై ఏళ్లయితే ఆ యాభై ఏళ్లూ ఎంత కరువొచ్చినా ఆ కలపడం ఆగదు, ఆగితే పెట్టుబడి మునుగుతుంది. 2000 నుంచి కొలరాడో పరీవాహకంలో నడుస్తున్న దీర్ఘకాలపు కరువులో ఇది ఊహ కాదు. జలాశయానికి, ఊరి కుళాయికి మధ్య పోటీ వచ్చినప్పుడు అప్పు తెచ్చి కట్టినవాడి ఒప్పందమే ముందు అమలవుతుంది. మూడున్నర దశాబ్దాల బొగ్గు గొట్టం సరిగ్గా ఇదే చూపింది.

రెండో అభ్యంతరం బరువైనది. వాతావరణం వేడెక్కుతోంది. దానివల్ల ముందుగా నష్టపోయేవాళ్లలో ఈ పొడి నేల జనమూ ఉన్నారు. సూర్యరశ్మిని రాత్రికి దాచుకునే ఏర్పాట్లు లేకుండా బొగ్గును వదిలించుకోలేం. అలాంటప్పుడు ప్రతి ఊరూ నా దగ్గర వద్దంటే ఎలా? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయకూడదు. కానీ దేశమంతటి మేలు కోసం ఈ ఒక్క చోటు ఇవ్వాలన్న వాదన ఈ చోటుకు కొత్తది కాదు. హూవర్ డ్యామ్ దేశపు మేలే, సెంట్రల్ అరిజోనా కాలువ రాష్ట్రపు మేలే, గ్రాండ్ కాన్యన్ రక్షణ పర్యావరణపు మేలే. ప్రతిసారీ మేలు ఒకరిది, నీళ్లు ఇంకొకరివి. పైగా విద్యుత్తు దాచడానికి దారులు పలు రకాలు. పంప్డ్ స్టోరేజీకి తగిన చోట్లు చాలా ఉన్నాయి, బ్యాటరీలూ వస్తున్నాయి. ఊరి ఊటకు మాత్రం ప్రత్యామ్నాయం లేదు. మార్పిడి చేసుకోగలిగిన దానికోసం మార్పిడి చేసుకోలేనిదాన్ని వదులుకోమనడం వాతావరణ న్యాయం అనిపించుకోదు.

మూడోది, తెగల పేదరికం. గనులు, విద్యుత్ కేంద్రం మూతపడ్డాక వందల మంది జీతాలు పోయాయి. హోపీ ప్రభుత్వ ఆదాయంలో అత్యధిక భాగం బొగ్గు మీదే నిలబడి ఉండేది. ఆ నష్టం నిజమైనది. అందుకే ఈ తిరస్కారం విలువ ఇంకా పెరుగుతుంది. ఆదాయం పోయిన వాళ్లు కొత్త ఆదాయాన్ని కాదంటున్నారంటే అలవోకగా కాదనడం లేదు. ఆదివాసులంటే ఆనకట్టలకు పుట్టు వ్యతిరేకులన్న మాటా చరిత్ర ముందు నిలవదు. 1960ల్లో బ్రిడ్జ్ కాన్యన్ ఆనకట్టను హువలపై తెగ కావాలంది, దానికి తమ పేరు పెట్టాలని, ఆదాయంలో వాటా కావాలని కోరింది. మోంటానాలో సేలిష్, కూటెనై తెగల సమాఖ్య 2015లో ఫ్లాట్‌హెడ్ నది మీద ఉన్న కెర్ డ్యామ్‌ను కొని, ఒక పెద్ద జలవిద్యుత్ ఆనకట్టకు యజమాని అయిన తొలి తెగగా నిలిచింది. లైసెన్సు షరతులకు లోబడి, నీళ్లు ఎప్పుడు వదలాలో, ఎంత ఆపాలో ఇప్పుడు చూసుకునేది వాళ్లే. నిర్ణయం తమ చేతిలో ఉంటే అవునంటారు, లేకుంటే కాదంటారు. దీన్ని ఛాందసం అనలేం. ఆస్తి ఉన్న ఎవరైనా చేసే పనే ఇది.

నాలుగోది చట్టం తెలిసినవాళ్ల అభ్యంతరం. ప్రాథమిక అనుమతి అంటే కట్టడానికి కాదు, అధ్యయనం చేసుకోవడానికి మాత్రమే, చదువును కూడా ఆపుతారా అంటారు. కానీ ఆ అనుమతి ఇచ్చేది చదువుకునే స్వేచ్ఛ ఒక్కటే కాదు. తర్వాత అసలు లైసెన్సు కోసం దరఖాస్తు చేసేటప్పుడు ఆ చోటు మీద ప్రాధాన్యం కూడా ఇస్తుంది. వరసలో ముందు నిలబడే హక్కు అది. ముందు వచ్చినవాడికే ముందు హక్కు అన్న సూత్రంతో పశ్చిమాన నీళ్లు ఎలా చేజారాయో చూసినవాళ్లు వరసలో ముందు స్థానాన్ని తేలిగ్గా ఎలా ఇస్తారు? అదీగాక ప్రతి దరఖాస్తునూ ఎదుర్కోవడానికి ఒక చిన్న ప్రభుత్వం న్యాయవాదులనూ, జలశాస్త్రజ్ఞులనూ పెట్టుకోవాలి. కంపెనీకి ఒక దరఖాస్తు ఖర్చు, తెగకు అది ఏళ్ల పోరాటం. 2024 విధానం ఆ భారాన్ని సరైన వైపుకు మార్చింది: ముందు ఇంటివాళ్లను ఒప్పించి రమ్మంది.

ఇలాంటి విధానమే ఎందుకు కావాలో సుప్రీంకోర్టు 2023 జూన్ తీర్పు చదివితే అర్థమవుతుంది. 1868 ఒప్పందం ప్రకారం మా నీటి అవసరాలను లెక్కగట్టి, వాటిని తీర్చే ప్రణాళిక వేయమని నవాహో నేషన్ ఫెడరల్ ప్రభుత్వాన్ని అడిగింది. ఐదుగురు నలుగురిగా చీలిన కోర్టు, నీటి హక్కు ఉందని ఒప్పుకుంటూనే, నీళ్లు సమకూర్చే చర్యలు తీసుకోవలసిన బాధ్యత ఆ ఒప్పందం ప్రభుత్వం మీద పెట్టలేదంది. నవాహో నేల మీద సగటు మనిషి రోజుకు 7 గ్యాలన్లతో, అంటే 26 లీటర్లతో, ఇంటి పనులన్నీ గడుపుకుంటున్నాడని అసమ్మతి తీర్పులో జస్టిస్ గోర్సచ్ గుర్తుచేశారు. అక్కడ దాదాపు మూడో వంతు ఇళ్లకు కుళాయి లేదు. లిటిల్ కొలరాడో నీటి హక్కులు తేల్చే న్యాయవిచారణ 1970ల చివర మొదలై ఇంకా సాగుతోంది. నవాహో, హోపీ, సాన్ హువాన్ దక్షిణ పాయూట్ తెగలు 2024లో ఒక రాజీ ఒప్పందాన్ని ఆమోదించాయి. అది అమలు కావాలంటే కాంగ్రెస్ చట్టం చేసి 500 కోట్ల డాలర్లు కేటాయించాలి. కోర్టు నీళ్లు సమకూర్చమని ఆదేశించదు, కాంగ్రెస్ త్వరపడదు. ఆ మధ్యకాలంలో తెగ చేతిలో మిగిలిన ఒకే రక్షణ వద్దనగలగడం. దాన్ని కూడా తీసేస్తే, నిండా నీళ్లున్నప్పుడే పనికిరాని వింటర్స్ తీర్పు హక్కు నీళ్లు పోయాక అసలే పనికిరాదు.

ఈ చరిత్ర తెలుగువాళ్లకు దూరపు సంగతి కాదు. 1955లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టిన మాచ్‌ఖండ్ నుంచి సీలేరు దాకా మన ఏజెన్సీ కొండల నీళ్లు మైదానానికి వెలుగిచ్చాయి. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలంలో పంప్డ్ స్టోరేజీ ప్రతిపాదనల మీద గిరిజన గ్రామాలు తమ భూములు, వాగులు, ఊటగెడ్డల గురించి అవే ప్రశ్నలు అడుగుతున్నాయి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని 1997లో సుప్రీంకోర్టు చెప్పిన సమత తీర్పు ఆ మండలపు గనుల గొడవలోంచే పుట్టింది. మన 1996 పీసా చట్టం భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించమంటుంది, ఒప్పుకుంటేనే సాగమని అనదు. సంప్రదించడం అంటే విని వెళ్లిపోవడానికీ వీలున్న మాట. ఒడిశాలోని నియమగిరి కొండల విషయంలో సుప్రీంకోర్టు 2013 తీర్పు గ్రామసభ నిర్ణయానికి బరువిచ్చినప్పుడు పన్నెండు ఊళ్లకు పన్నెండూ బాక్సైట్ తవ్వకాన్ని కాదన్నాయి. అడిగితే చెప్పగల తెలివీ, చెప్పింది చెల్లితే నిలబడే ధైర్యమూ కొండవాళ్లకు ఉన్నాయనడానికి అదే సాక్ష్యం. మన వాగుల్లో వేసవి ప్రవాహం ఎంత, ఊళ్ల వాడకం ఎంత అన్న లెక్క బహిరంగంగా ముందు తేల్చి, ఆ తర్వాత గ్రామసభ ముందుకు రావడం కనీస ధర్మం.

బ్లాక్ మేసా గెలుపు కూడా గట్టి పునాది మీద లేదు. కమిషన్ ప్రకటించింది విధానమే, చట్టం కాదు. 2025 అక్టోబరులో అమెరికా ఇంధన మంత్రి, ఇతరులకు ఇలా అడ్డుకునే అధికారం ఉండకూడదంటూ ఆ విధానాన్ని తొలగించమని కమిషన్‌కు ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదనలో తెగను ఇతరుల్లో ఒకరిగా లెక్కగట్టడమే అసలు తప్పు. భూమి వాళ్లది, ఒప్పందం వాళ్లతో జరిగింది, నీళ్లలో వాళ్ల హక్కును దేశపు అత్యున్నత న్యాయస్థానమే గుర్తించింది. అలాంటివాళ్లు సొంత ఇంటి విషయంలో బయటివాళ్లు ఎలా అవుతారు? శుభ్రమైన కరెంటు కావాలనుకునే మనలాంటి వాళ్లందరం దాని శుభ్రతను పొగతో మాత్రమే కొలవడం మానాలి. ఎవరి నీళ్లతో పుట్టింది, వాళ్ల వాటా ముందు తేలిందా, వాళ్లు ఔనన్నారా అని కూడా అడగాలి. ఈ మూడింటికీ జవాబు చెప్పగల పథకం ఆలస్యంగా వచ్చినా నిలబడుతుంది, మోంటానాలో నిలబడింది. జవాబు చెప్పలేనిది ఎంత తొందరగా కట్టినా, పాత అన్యాయాన్నే కొత్త యంత్రంతో నడిపిస్తుంది.